బావ పక్కనుంటే ఆరిపోయే లైటు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న జీతం గురించి. రెండోది, "మేడం, ఎలక్ట్రిక్ కార్లకు రిపేరేముంటది, ఇంజనే లేదు గదా?" అని. మొదటిదానికి నా సమాధానం, మీ మేనేజర్‌ను అడగండి. రెండోదానికి, ఇంజను లేకపోతే ఏం నాయనా, చక్రాలున్నాయి కదా! గుంతలున్నాయి, మేకులున్నాయి, ఉప్పల్ చౌరస్తా ఉంది. వీటన్నిటినీ మించి, ప్రతి కారుకూ ఒక ఓనరున్నాడు.

నా పేరు సరళ. ఉప్పల్‌లో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో చక్రాల విభాగం చూసి పోయినేడు రిటైరయ్యాను. ఆ రోజు కప్పిన శాలువా బీరువాలో ఉంది, దాని గురించి రాయడానికేమీ లేదు. ఎప్పుడు ఏ పోస్టులోకి వెళ్లానో కూడా రాయను, మా ఆయనకే గుర్తులేదు, మీకెందుకు? ఈ పని నిజంగా ఎలా ఉంటుందో, మనల్ని ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో, అది మాత్రం చెబుతాను.

టైరు లోపలి రేడియో

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. మొదట నాచారం పారిశ్రామికవాడలో వాకీటాకీలు తయారుచేసే చిన్న కంపెనీలో చేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సోల్డరింగ్ పొగ పీల్చి, ఇంటికెళ్తే ఒళ్లంతా అదే వాసన. కంపెనీ మూతపడ్డాక, దొరికిన పని కదా అని ఉప్పల్‌లో కార్ల వర్క్‌షాపులో చేరాను. "ఆడమనిషికి చక్రాల దగ్గర పనేంటి?" అని అడిగినవాళ్లంతా, కార్లలోకి కంప్యూటర్లొచ్చాక నా టేబుల్ చుట్టూ మూగారు. చక్రంలోకే రేడియో వచ్చి కూర్చునే రోజొస్తుందని వాళ్లూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

కొత్తవాళ్ల కోసం చెబుతున్నా, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. టైరు లోపల, గాలి కొట్టే వాల్వు మొదట్లో, అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది. అదే సెన్సర్. ప్రతి సెన్సర్‌కూ ఒక నంబరు. చక్రం తిరుగుతున్నంతసేపూ అది, "నేను ఫలానా నంబరును, నా దగ్గర గాలి ఇంతుంది" అని రేడియోలో చెబుతూనే ఉంటుంది. కారు తన జ్ఞాపకంలో ఉన్న నాలుగు నంబర్ల మాటే వింటుంది, వేరే నంబరు పక్కనే నిలబడి అరిచినా పట్టించుకోదు. ఆ నాలుగింటిలో ఏది వినపడకపోయినా డాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది, తెర మీద గాలి అంకె ఉండాల్సిన చోట గీతలొస్తాయి. గాలి తగ్గినా అదే లైటు.

చక్రాలు మార్చినప్పుడు వచ్చే గోలంతా ఇక్కడే. కొందరు షోకు కోసం కొత్త అల్లాయ్ రిమ్ములు వేయించుకుని, సెన్సర్లు పాత రిమ్ముల్లోనే వదిలేసి వస్తారు. కొందరు కొత్త సెన్సర్లు కొంటారు, వాటి నంబర్లు కారుకు చెప్పించరు. బయట టైర్లు విప్పేవాడు ఇనుప కడ్డీతో ఒక్క గుంజు గుంజితే లోపల సెన్సర్ రెండు ముక్కలు. ఎలక్ట్రిక్ కారుకు ఇంకో బాధ కూడా ఉంది. అడుగున మోసే బ్యాటరీ బరువుకు టైరులో గాలి కాస్త తగ్గినా చాలా తేడా. అందుకే దాని మీద ఆ పసుపు లైటును చూసీ చూడనట్టు పోకూడదు.

మా రంగారావు గారు

మా మేనేజర్ రంగారావు గారిది గుంటూరు వైపు. వయసులో నాకంటే చిన్న, మాటలో నాకంటే పెద్ద. నేను చూసిన బాసుల్లో కారును ప్రేమించిన మనిషి ఆయనొక్కడే. "సరళ గారూ, కస్టమర్ చెప్పేది సగం వినండి, కారు చెప్పేది సగం వినండి, మిగతా సగం మీరే వెళ్లి చూడండి" అనేవాడు. "మొత్తం ఒకటిన్నర అయిందండీ" అన్నాను ఒకసారి. "అందుకే మనకు ఒకటిన్నర మనిషి పని" అని తేల్చేశాడు.

కంప్యూటర్‌లో తప్పు చూపిస్తే దాన్ని చెరిపేసి, "అయిపోయింది సార్" అని బండి పంపించేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. ఆ విషయంలో ఆయనకు నేను ఎప్పుడూ దండం పెడతాను. కానీ ఒక బలహీనత ఉంది, అది కూడా చెప్పాలి. గొంతు పెద్దదైన కస్టమర్ వస్తే ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు. మెత్తగా అడిగినవాడు బెంచీ మీద కూర్చునే ఉంటాడు, అరిచినవాడి కారు ముందు బయటికి పోతుంది. దేశంలో సగం ఆఫీసులు అలాగే నడుస్తాయి కాబట్టి ఆయన్నొక్కణ్నీ అనడం లేదు.

ఇక కస్టమర్లు. ప్రతి కస్టమరూ లోపలికి వస్తూనే అనే మాట, "మేమేం చేయలేదండీ, దానంతటదే వచ్చింది." మేడిపల్లి నుంచి ఒక లెక్కల మాస్టారు వచ్చేవారు. కొత్త చక్రాలు వేసిన నెలకే ఒక సెన్సర్ మూగబోయింది. "ఏమైనా పోశారా మాస్టారూ టైరులో?" అంటే, "అబ్బే, గాలి తప్ప మరేం లేదమ్మా" అన్నారు. టైరు విప్పితే లోపల ఆకుపచ్చగా, చిక్కగా, పంక్చర్ కాకుండా పోసుకునే లిక్విడ్. సెన్సర్ దాంట్లో జున్నులో మునిగినట్టు మునిగి ఉంది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, "కంపెనీ వాళ్లే పోసుంటారు" అన్నారు. నేను నవ్వాపుకోలేక ఇవతలికి వచ్చేశాను. పాపం, ఆయన అబద్ధాలకోరు కాదు. తప్పు తన మీదికి వస్తుందంటే ఎంత పెద్దమనిషైనా ఒక క్షణం పిల్లాడైపోతాడు, అంతే. ఆ క్షణాన్ని దాటించి నిజం చెప్పించడం కూడా మన పనిలో భాగమే. పాఠాల్లో దాన్ని చెప్పరు.

రాహుకాలం రాకముందే

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నా ఉద్యోగం చివరి ఏడాదిలో జరిగింది.

నర్సింహ అనే ఆయన మేడిపల్లిలో ఉంటాడు. పోచారం వైపు కంపెనీలకు ఉద్యోగుల్ని దింపి తెచ్చే పనికి ఎలక్ట్రిక్ కారు నడుపుతాడు. భార్య పేరు మంజుల. ఆమె తమ్ముడు సైదులును జనగామ దగ్గరి ఊరి నుంచి పిలిపించి, డ్రైవింగ్ నేర్పి, తన కారు లాంటిదే, అదే తెలుపు రంగుది తీయించి, అదే కంపెనీలో పనికి పెట్టించాడు. పక్క సందులో ఇల్లు కూడా ఆయనే చూశాడు. సైదులుకు బావ మాటంటే వేదం. బావ ఏ చాయ్ హోటల్లో ఆగితే అక్కడే ఆగుతాడు, బావ ఏ రంగు సీటు కవర్లు వేస్తే అవే వేస్తాడు. నర్సింహ కూడా బామ్మర్దిని కొడుకులా చూసుకునేవాడు. కాకపోతే, కొడుకును ఏడిపించినట్టే ఏడిపించేవాడు.

ఒకరోజు ఇద్దరూ రెండు కార్లలో వచ్చారు. పాత ఇనుప రిమ్ములు తీసేసి, నర్సింహ ఎంచిన అల్లాయ్‌లు రెండు కార్లకూ వేయాలి. పాత రిమ్ముల్లోని సెన్సర్లే తీసి కొత్తవాటిలో బిగించాలి. తేలిక పనే. కానీ పక్కన నర్సింహ నిలబడ్డాడు.

"మేడం, రాహుకాలం రాకముందే గుట్టకు పోవాలె. జర జెల్ది జేయించున్రి."

"కార్లు పాతవే కదా నర్సింహా, మళ్లీ పూజెందుకు?"

"కార్లు పాతయే మేడం, కాళ్లు కొత్తయి గదా! పూజ జేయకుంట, నిమ్మకాయలు తొక్కియ్యకుంట రోడ్డెక్కిస్తమా?"

ఆయన గొంతు అద్దాల గది దాటి రంగారావు గారికి వినపడింది. "సరళ గారూ, ముందు ఆ రెండూ పంపించేద్దామండీ, పుణ్యముంటుంది" అని ఆయనే బయటికి వచ్చాడు. మా మెకానిక్ యాకూబ్ మంచి పనివాడు. రెండు కార్లనూ పక్కపక్కన జాకీల మీదికి లేపి, ఎనిమిది రిమ్ములనూ వరసగా పెట్టుకుని, చెమటలు కక్కుతూ పూర్తి చేశాడు. రెండు కార్లనూ ఒకదాని వెనక ఒకటి మా ఆవరణలోనే తిప్పి చూశాం. రెండింటిలోనూ నాలుగు అంకెలూ చక్కగా వచ్చాయి. లైట్లు లేవు. ఇద్దరూ హారన్లు కొట్టుకుంటూ యాదగిరిగుట్ట దారి పట్టారు.

లైటుకు భయమట

వారం తిరగకుండానే సైదులు ఫోన్ చేశాడు. "మేడం, పసుపు లైటొచ్చింది. వెనక రెండు టైర్లకు అంకెల్లేవ్, గీతలే ఉన్నయ్."

తీసుకురమ్మన్నాను. వచ్చాడు, వెనకాలే నర్సింహ తన కారులో వచ్చాడు. చూస్తే లైటు లేదు. నాలుగు అంకెలూ ఉన్నాయి.

"పొద్దుగాల్ల ఉండె మేడం, ఒట్టు!" అన్నాడు సైదులు.

నర్సింహ పకపకా నవ్వాడు. "వీనికి కలల గూడ లైట్లే కనబడ్తున్నయ్ మేడం. నాది గూడ గదే కారు, గవే చక్రాలు. నాకెందుకు రాదు?"

సెన్సర్లను చదివే చేతి మిషన్ చక్రాల దగ్గర పెట్టి చూశాను. గాలి సరిగ్గా ఉంది, సెన్సర్ల బ్యాటరీలు బాగున్నాయి. కారు తెర మీద అంకెలొస్తున్నాయంటే నంబర్లు కలిసినట్టే కదా, ఇంక అటువైపు ఎవరు చూస్తారు? పంపించేశాం. రెండు రోజులకు మళ్లీ ఫోను. ఈసారి తెలివిగా గీతల ఫోటో తీసి పంపాడు. మళ్లీ రమ్మన్నాను. మళ్లీ బావ తోడొచ్చాడు. మళ్లీ లైటు మాయం.

"అక్కా, ఈ లైటుకు బావంటే భయమేమో" అన్నాడు యాకూబ్. అక్కడున్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. సైదులు మాత్రం నవ్వలేదు. నర్సింహ చాయ్ తాగడానికి అవతలికి వెళ్లినప్పుడు నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"లైటున్న కారు తేవద్దంటుండు మేడం కంపెనీల సూపర్‌వైజర్. గదొక్కటి గాదు. బావ ముంగట తలెత్తలేకపోతున్న. అన్ని ఆయన జెప్పినట్టే జేస్తి, నా ఒక్కనికే ఎందుకొస్తది? ఏం జేసినా వీనితోని కాదు అనుకుంటుండొచ్చు."

ఆ మాట నాకు కష్టంగా అనిపించింది. కారును రెండు రోజులు వదిలిపెట్టి పొమ్మన్నాను. వదిలితే డ్యూటీ పోతుందన్నాడు. వెనక సెన్సర్ల మాట వినే రిసీవర్‌లో లోపముందేమో, అప్పుడప్పుడూ తప్పిపోతోందేమో అని నా అనుమానం. కొత్త రిసీవర్‌కు ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా చేతి గేజి ఒకటి కొనుక్కుని, రోజూ కారు తీసేముందు గాలి చూసుకోమని, లైటు మీద మాత్రం టేపు అంటించొద్దని గట్టిగా చెప్పాను. ఊరికే వెలిగే లైటు చేసే పెద్ద నష్టమేమిటంటే, కొన్నాళ్లకు మనిషి దాన్ని చూడడం మానేస్తాడు. నిజంగా అవసరమైన రోజున అది వెలిగినా చీకటే.

ఆదివారం ఫోను

ఆదివారం. నాచారంలో మా ఇంట్లో గోంగూర ఒలుస్తూ కూర్చున్నాను. ఫోన్ మోగింది, సైదులు. కారు నడుపుతున్నాడు, పక్కన కూర్చున్న అతని భార్య ఫోన్ పట్టుకుని స్పీకర్ పెట్టింది. జనగామలో దగ్గరివాళ్ల గృహప్రవేశం, రెండు కుటుంబాలూ రెండు కార్లలో వరంగల్ హైవే మీద పోతున్నాయి.

"మేడం, ఇయ్యాల్ల కొత్త నాటకం మొదలువెట్టింది. గీతలు గాదు, అంకె దిగుతున్నది. వెనక ఎడమ దిక్కుది ముప్పై రెండు సూపెట్టె, జరసేపటికి ముప్పై ఆయె, ఇరవై తొమ్మిదాయె."

"ఆపి చూశావా?"

"ఆపిన. గేజి పెట్టి సూసిన. పక్కా ముప్పై ఆరుంది, ఉండాల్సినంత. మల్ల బయలెల్లినంక గీతలొచ్చినయ్. ఉరికి ఉరికి బావను అందుకున్న, ఇగో మల్ల అంకె. ఇప్పుడు ఇరవై నాలుగు. మీ లైటుకు పిచ్చిలేసింది మేడం."

నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ ఏదో అడ్డం పడింది. చెడిపోయిన సెన్సర్ మూగదైపోతుంది, లేదా నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఇలా ఒక్కో మెట్టూ దిగదు. ఇలా దిగేది గాలి ఒక్కటే. ఎక్కడో ఒక టైరులోంచి నిజంగా గాలి పోతోంది. సైదులు టైరులో పోవడం లేదు. మరి ఎవరి టైరులో? బావను అందుకున్నాక అంకె వచ్చింది. బావ దూరమైతే గీతలు. ఎప్పుడు వర్క్‌షాపుకొచ్చినా బావ పక్కనున్నాడు, లైటు లేదు.

గోంగూర కాడ చేతిలోనే ఉండిపోయింది.

"సైదులూ, మీ బావ కారులో ఎవరెవరున్నారు?"

"మా అక్క, ఇద్దరు పిల్లలు, బావోల్ల అమ్మ. ఎందుకు మేడం?"

"నువ్వు చూస్తున్న అంకె నీ టైరుది కాదు. మీ బావ టైరుది. వెనక చక్రాలు మీ రెండు కార్లకూ అటువి ఇటు పడ్డాయి. ఆయన కారులో గాలి పోతోంది, ఆయనకు తెలియడం లేదు. ముందు ఆపించు!"

అతనికి ఎంత అర్థమైందో తెలియదు గానీ, హారన్ మోత మాత్రం నా వంటింటి దాకా వినపడింది. లైట్లు కొట్టాడు, హారన్ కొట్టాడు. "ఆపుతలేడు మేడం! నేను దాటిపోతందుకు కొడ్తున్ననుకుంటుండు. చెయ్యి ఊపి ఇంకింత స్పీడ్ పెంచిండు!"

బండి నడిపేటప్పుడు నర్సింహ ఫోన్ ఎత్తడు. మంచి అలవాటే, కానీ ఆ రోజు నా ప్రాణం మీదికొచ్చింది. "మీ అక్కకు చెయ్యి" అని అరిచాను. సైదులు భార్య రెండో ఫోన్లో మంజులకు కలిపింది. ఆ ఫోన్ కూడా స్పీకర్‌లోనే ఉంది కాబట్టి అక్కడి మాటలు అరకొరగా నాకు వినపడుతున్నాయి. మంజుల భర్తకు చెప్పింది. నర్సింహ నవ్వు వినపడింది.

"నా కార్ల నాలుగు ముప్పై ఆరే ఉన్నయ్, తెర మీద సూడు. వాని కారుకు పిచ్చిలేస్తే నా కారు ఆపాల్నా? ముహూర్తం దాటిపోతది."

నిజమే, ఆయన తెర మీద ముప్పై ఆరే ఉంటుంది. ఆయనకు కనపడుతున్నది వెనకొస్తున్న సైదులు చక్రాల గాలి! నిండా మనుషులతో, అంత బరువైన కారు, హైవే వేగంలో, గాలి పోతున్న టైరు మీద పరిగెత్తితే రబ్బరు వేడెక్కి ఎక్కడో ఒకచోట పేలిపోతుంది. వెనక చక్రం పేలితే కారు గిర్రున తిరుగుతుంది. ఆ పిల్లలిద్దరూ వెనక సీటులోనే ఉండి ఉంటారు.

"పద్దెనిమిది మేడం" అన్నాడు సైదులు. గొంతు ఏడుపుకొచ్చింది.

అప్పుడు మంజుల గొంతు వినపడింది. అరవలేదు.

"ఆపు."

"ఏందే నువ్వు గూడ..."

"కారు ఆపు. నా తమ్ముడు ఊకెనే ఒర్లేటోడు గాదు. పిల్లలున్నరు. పక్కకు ఆపుతవా, నన్ను స్టీరింగ్ పట్టుకోమంటవా?"

ఒక లారీ హారన్ కొడుతూ దాటిపోయిన చప్పుడు వచ్చింది. తర్వాత తలుపులు తెరిచిన చప్పుడు, పిల్లల మాటలు, "దిగున్రి, అటు జరుగున్రి, రోడ్డు మీద నిలవడకున్రి" అని మంజుల.

ఆ తర్వాత సైదులు. "మేడం... వెనక ఎడమ టైరు సగం కూసున్నది. చెయ్యి పెడ్తే కాలుతున్నది. పక్క రబ్బరు పగుళ్లు వట్టింది. పెద్ద మేకు దిగి ఉంది."

నేను ఫోన్‌ను గోంగూర పక్కన నేల మీద పెట్టాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాను. మా ఆయన లోపల్నుంచి వచ్చి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "ఎవరూ పోలేదు" అని ఇంకా గట్టిగా ఏడ్చాను.

కాసేపటికి నర్సింహే ఫోన్ తీసుకున్నాడు. అంత పెద్ద గొంతూ అస్సలు వినపడనంతగా తగ్గిపోయింది.

"మేడం, నాకు గూడ వస్తుండె."

"ఏది?"

"గీతలు, లైటు. ఒక్కన్ని పోయినప్పుడల్ల. చక్రాలు మార్పిచ్చినకాడి సంది."

"మరి చెప్పలేదేమయ్యా!"

"ఎట్ల జెప్పాలె మేడం? అల్లాయ్‌లు ఏపిద్దమన్నది నేను. మీ తాన్కి తోలుకొచ్చింది నేను. వీనికి లైటొచ్చిందంటే నవ్వితి. నాది గూడ ఖరాబైందని బామ్మర్ది ముంగట ఎట్లంట? గుట్టకాడ కొన్న స్టిక్కర్ ఉంటే, లైటు మీద అంటిచ్చిన."

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అవి ఇక్కడ రాయను, రాస్తే ఈ వ్యాసం ఎవరూ అచ్చు వేయరు. ఒక్క మాట చెప్పి ఉంటే, రెండు కార్లకూ ఒకే జబ్బు అని తెలిసి ఉంటే, యాకూబ్ అయినా నేనైనా చిటికెలో పట్టేసేవాళ్లం. ఆయన పరువు కోసం దాచిన ఆ ఒక్క మాట పిల్లల ప్రాణం మీదికి తెచ్చింది.

ఒంటరిగా ఒక రౌండ్

మర్నాడు రెండు కార్లూ వచ్చాయి. మంజుల కూడా వచ్చింది. లాప్‌టాప్ పెట్టి చూస్తే నేననుకున్నదే. రెండు కార్ల వెనక చక్రాలూ తారుమారు. హడావుడిలో వరసలోంచి దొర్లించేటప్పుడు ఇవతలి జత అవతలికి పోయింది. ఒకదాని వెనక ఒకటి తిప్పి పరీక్షించాం కాబట్టి రెండు కార్లకూ అన్ని మాటలూ వినపడ్డాయి. యాకూబ్ తల పట్టుకుని చక్రాల మధ్యే కూర్చున్నాడు. రంగారావు గారు బయటికొచ్చి, "తొందరపెట్టింది నేనే, వాణ్నేమీ అనకండి" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. అందుకే ఆయన్ని ఎంత తిట్టినా మళ్లీ గౌరవిస్తాను.

నేను నేర్చుకున్నది మీకూ చెబుతాను. చక్రాలు మార్చిన కారును ఒంటరిగా రోడ్డు మీదికి తీసుకెళ్లి తిప్పండి. పక్కన అలాంటి కారు ఇంకోటి ఉండకూడదు. లోపం అప్పుడప్పుడే వస్తోందని ఎవరైనా చెబితే, ఎంత స్పీడ్‌లో, ఏ రోడ్డు మీద అని అడుగుతాం కదా, ఎవరెవరు వెంట ఉంటే అని కూడా అడగండి. ఇక సెన్సర్ల సంగతి మనకు చెప్పడానికి యంత్రాలున్నాయి, మనుషుల సంగతి చెప్పడానికి ఏ యంత్రమూ లేదు. మీరే అడగాలి. నలుగురిలో కాదు, పక్కకు పిలిచి అడగాలి. నర్సింహను నేను ఒక్కసారీ పక్కకు పిలవలేదు. లోపం సైదులు కారుదే అనుకున్నాం అందరం.

టైర్లు విప్పే అవసరం లేదు. ఏ కారుకు ఏ నంబర్లో లాప్‌టాప్ నుంచి చెబితే చాలు. నేను వైరు తగిలించబోతుంటే మంజుల నా పక్కన నిలబడింది.

"మేడం, గట్లనే ఉంచున్రి."

"అదేంటమ్మా?"

"ఆయనకేమైనా కష్టమొస్తే నాకు జెప్పడు, ఎవ్వరికి జెప్పడు. గట్లనే ఉంటే మా తమ్మునికన్న కనబడ్తది."

నర్సింహ ఆ పక్కనే ఉన్నాడు. విన్నాడు. కింద పడ్డ నట్టు ఒకటి తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు గానీ పెళ్లాం ముఖం చూడలేకపోయాడు. "కారుకు అలా కుదరదమ్మా" అన్నాను. నంబర్లు సరిచేశాను. ముందు నర్సింహను ఒక్కడినే నాచారం చౌరస్తా దాకా వెళ్లి రమ్మన్నాను.

ఆయన వెళ్లాక నేను, మంజుల, సైదులు గేటు దగ్గర నిలబడ్డాం. కాసేపటికి సైదులు ఫోన్ మోగింది. బావ. నడుపుతూ ఫోన్ చేయడు కదా అని సైదులు కంగారుగా స్పీకర్ పెట్టాడు.

"పక్కకు ఆపిన, ఫికర్ జేయకు" అన్నాడు నర్సింహ. "లైటు లేదురా. నాలుగు అంకెలొచ్చినయ్. ముందల కుడి దిక్కుది ఒక్కటి జర తక్కువున్నది, ముప్పై మూడు సూపిస్తున్నది. నువ్వొచ్చి ఒకపారి సూస్తవా?"

సైదులు ఫోన్ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. "వస్తున్న బావ, ఆడనే ఉండు" అని తాళం తీసుకుని పరిగెత్తాడు.